ఆగస్టు దాటని చేప

మసాచుసెట్స్ రాష్ట్ర మత్స్యశాఖ ట్యాంకు లారీలు వసంతం మొదలవుతూనే రోడ్డెక్కుతాయి. ట్యాంకులో చల్లటి నీళ్లు, ఆ నీళ్లలోకి ఆక్సిజన్, అందులో వందలకొద్దీ ట్రౌట్ చేపలు. బోస్టన్ ఊళ్లో జనం సాయంత్రం నడకకు వచ్చే జమైకా పాండ్ మొదలుకొని ఊరూరా ఉన్న చెరువుల దాకా తిరిగి, వలబుట్టలతోనో లావుపాటి గొట్టంతోనో చేపల్ని వదిలిపెడతారు. వసంతం గడిచేసరికి ఇలా నీళ్లలో పడే ట్రౌట్‌లు ఇంచుమించు 5 లక్షలు. అన్నీ రాష్ట్రానికున్న 5 హేచరీల్లో పెరిగినవే. వీటిలో రెయిన్‌బో ట్రౌట్‌లే ఎక్కువ. వాటిలో చాలావాటి పొడవు అడుగు దాటుతుంది.

లారీ వెళ్లిన కాసేపటికే ఒడ్డున గాలాలు బారులు తీరతాయి. ఒకాయన తనకు పడిన చేపను ఐసుపెట్టెలో వేసుకుంటాడు. పక్కాయన ముల్లు తీసి మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాడు. చేపను ఆటబొమ్మను చేశాడని మొదటాయన మనసులో అనుకుంటాడు. చెరువు ఊడ్చేస్తున్నాడని రెండో ఆయన బాధ. ఇద్దరూ నీతి గురించే ఆలోచిస్తున్నారు. కానీ ఆ చెరువు లోతెంతో, ఆగస్టులో అందులోని నీళ్లు ఎంత వేడెక్కుతాయో తేలనిదే వీళ్ల తగవు తేలదు.

ముందు ఈ చేప ఎక్కడిదో చూద్దాం. రెయిన్‌బో ట్రౌట్ తూర్పు అమెరికాకు పరాయిది. పసిఫిక్‌లో కలిసే చల్లటి నదులే దాని పుట్టిల్లు: అలాస్కా నుంచి మెక్సికో దాకా ఇటు, రష్యాలోని కమ్చట్కా అటు. నదుల్లో చేపలు తగ్గిపోతున్నాయని 1871లో అమెరికా ప్రభుత్వం ఒక మత్స్య కమిషన్‌ను నెలకొల్పింది. దానికి స్పెన్సర్ బెయిర్డ్ అధిపతి. మరుసటి ఏడాదే లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఆయన కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నది ఒడ్డున సాల్మన్ గుడ్లు సేకరించే కేంద్రం పెట్టాడు. కొన్నేళ్లకు అక్కడే ట్రౌట్ గుడ్ల సేకరణ కూడా మొదలైంది. గుడ్లు, పిల్లలు దేశమంతా తిరగడానికి ప్రత్యేకంగా రైలు పెట్టెలు కట్టించారు. పాలక్యాన్లలో నీళ్లు నింపి, అందులో చేపపిల్లల్ని పెట్టి, దారి పొడవునా ఏటికో చెరువుకో ఇచ్చుకుంటూ పోయేవారు. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో వచ్చాయి. తూర్పు కొండవాగుల్లో అనాదిగా ఉన్నది బ్రూక్ ట్రౌట్ ఒక్కటే. ఈ కొత్తవాళ్ల తాకిడికి అది చాలాచోట్ల వెనక్కి తగ్గింది.

తరతరాలుగా సిమెంటు తొట్లలో పెరిగిన ట్రౌట్ మన బ్రాయిలర్ కోడి లాంటిది. త్వరగా పెరగాలి, ఇరుకులో కొట్టుకోకుండా బతకాలి, గుళికల మేత తినాలి. ఈ గుణాలున్న చేపలే గుడ్లు పెట్టే వయసు దాకా మిగులుతాయి, వాటి పిల్లలే మళ్లీ తొట్లలోకి వస్తాయి. మనిషి నీడ పడితే అడవి ట్రౌట్ రాయి కిందకు దూరుతుంది. హేచరీ ట్రౌట్ నీడవైపే వస్తుంది, ఇన్నాళ్లూ ఆ నీడ వెంటే మేత వచ్చింది కదా. చెరువులో పడ్డ కొత్తలో తేలే పుల్లల్ని, చిన్న రాళ్లను కూడా మింగి చూస్తుంది. కొంగలకూ నీటికాకులకూ అది పండగ. గుళిక వాసన వచ్చే ముద్ద ఎర వేస్తే ఇట్టే పడిపోవడంలోనూ వింతేమీ లేదు.

ఈ మచ్చిక రక్తంలోకి ఎంత త్వరగా ఇంకుతుందో ఆరెగాన్ రాష్ట్రంలోని హుడ్ నది మీద జరిగిన పరిశోధన చూపింది. సముద్రానికి వెళ్లి తిరిగివచ్చే రెయిన్‌బో ట్రౌట్‌ను స్టీల్‌హెడ్ అంటారు. హేచరీలో గడిపిన ఒక్కో తరానికీ ఆ స్టీల్‌హెడ్‌లు నదిలో సంతానాన్ని నిలబెట్టుకునే శక్తి ఇంచుమించు 40 శాతం పడిపోతోందని 2007లో జన్యుపరీక్షలతో తేల్చారు. ఒకటి రెండు తరాలకే అంత నష్టమైతే, పదుల తరాలుగా తొట్లలోనే ఉన్న చెరువు ట్రౌట్ సంగతి ఊహించుకోవచ్చు. పైగా రెయిన్‌బో గుడ్లు పెట్టాలంటే గులకరాళ్ల మధ్య నుంచి నీళ్లు పారే వాగు కావాలి. నిలవనీటి చెరువులో అది గుడ్లు పెట్టినా పిల్లలు కావు. తల్లిచేపను వదిలితే రేపు పది చేపలవుతాయి అనే మాట ఇక్కడ చెల్లదు.

మన చెరువుల సంగతి వేరు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్న బొచ్చె, రవ్వ, మోసు పిల్లలు వేలెడంత ఉంటాయి. వానలకు నిండిన చెరువే వాటిని మేపుతుంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గేసరికి అవి సొసైటీ వాళ్ల వలల్లో కిలోల లెక్కన పడతాయి. పెంచే పని చెరువుది. మసాచుసెట్స్‌లో పెంపకమంతా హేచరీలోనే అయిపోయింది. ఏడాదికి పైగా మేత, కరెంటు, జీతాలు అక్కడే ఖర్చయ్యాయి. చెరువు ఆ చేపను జనం చేతికి అందించే చోటు మాత్రమే. ఆ ఖర్చులో చాలాభాగం గాలం వేసేవాళ్లదే: లైసెన్సు రుసుము ఒకటి, 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద గాలపు సామాన్ల మీద వసూలయ్యే కేంద్ర పన్ను ఇంకొకటి.

ఇక ఎండాకాలం.

నీళ్లు చల్లగా ఉన్నకొద్దీ ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుకుంటాయి. 10 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లీటరు నీటిలో సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 25 డిగ్రీలకు వచ్చేసరికి అది 8.3కు పడిపోతుంది. చేప చల్లనెత్తురు జీవి కాబట్టి నీళ్ల వేడే దాని ఒంటి వేడి. వేడి పెరిగేకొద్దీ ఒంట్లో రసాయన చర్యలు జోరందుకుని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతుందన్నమాట. బొచ్చె, కొర్రమీను వంటి మన చేపలు ఈ ఇరకాటాన్ని తట్టుకునేలా తయారయ్యాయి. కొర్రమీను ఏకంగా పైకొచ్చి గాలే పీలుస్తుంది. ట్రౌట్‌కు ఆ ఏర్పాటు లేదు. 10 నుంచి 16 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది, 20 దాటితే మేత మానేస్తుంది, 25 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది.

మరి చెరువు అడుగున చల్లగా ఉంటుంది కదా, అక్కడికి దిగి బతకొచ్చుగా? లోతైన చెరువుల్లో అడుగున చల్లదనం ఉండే మాట నిజమే. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది. బరువైన చల్లనీరు కిందే ఉండిపోతుంది. గాలి ఎంత వీచినా పైపొరను మాత్రమే కలపగలదు. మే నెలాఖరుకల్లా చెరువు పొరలుగా విడిపోతుంది, అక్టోబరు దాకా ఆ పొరలు కలవవు. అడుగు పొరకు గాలి తగిలే దారి మూసుకుపోయింది. రాలిన ఆకులు, చచ్చిన నాచు అక్కడే కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తాయి. మురుగూ పచ్చికల ఎరువూ చేరే ఊరి చెరువుల్లో నాచు ఎక్కువ, కాబట్టి ఈ తినేయడమూ ఎక్కువే. ఆగస్టుకు పరిస్థితి ఏమిటంటే పైన ఉక్క, కింద ఊపిరాడదు. మధ్యలో చల్లదనమూ ఆక్సిజనూ రెండూ సరిపోయే పట్టీ ఏదైనా మిగిలితే ట్రౌట్‌లన్నీ అందులో ఇరుక్కుంటాయి. పది పదిహేను అడుగుల లోతున్న చెరువులో ఆ పట్టీ కూడా ఉండదు, అడుగు దాకా వేడే.

అన్ని చెరువులూ ఇంతేనా అంటే కాదు. కాంకర్డ్ ఊరి పక్కనున్న వాల్డెన్ పాండ్‌లోనూ ఏటా ట్రౌట్ వదులుతారు. హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు నేలలో కూరుకుపోయిన మంచుదిమ్మ కరిగి ఏర్పడ్డ గుంట అది. అక్కడ గుడిసె కట్టుకుని ఉన్న రచయిత థోరో 1846లో గడ్డకట్టిన చెరువు మీద నడుస్తూ, రాయి కట్టిన తాడు దించి లోతు కొలిచి 102 అడుగులని తేల్చాడు. అడుగే లేని చెరువని ఊళ్లో చెప్పుకునే మాట ఆయనకు చిరాకు తెప్పించినట్టుంది. ఆ కొలత ఇప్పటికీ నిలిచే ఉంది. అంత లోతు, తేటనీరు ఉన్నందువల్ల ఎండాకాలంలో కూడా మధ్యపొరలో ట్రౌట్‌కు చోటు మిగులుతుంది. ఇలాంటి చోట వదిలేసిన చేప మరుసటి ఏడాది చూసే అవకాశం ఉంది. అదే చేపను జూన్ మూడో వారంలో లోతు తక్కువైన ఊరి చెరువులో వదిలిపెట్టినాయన దానికి ఇచ్చింది మహా అయితే కొన్ని వారాలు. ఆ తరువాత తాబేళ్లకూ బాక్టీరియాకూ మేత. అక్కడ చేపను ఇంటికి తీసుకెళ్లి కూర వండుకున్నవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

వదిలేసిన చేప వదిలిన క్షణాన బతికున్నా, సాయంత్రానికి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. గాలానికి తగులుకున్న ట్రౌట్ గింజుకునేటప్పుడు తెల్ల కండరాలను వాడుతుంది. అవి ఆక్సిజన్ కోసం ఆగకుండా నిల్వ ఇంధనాన్ని మండించి లాక్టిక్ ఆమ్లాన్ని మిగులుస్తాయి. రక్తం పులుస్తుంది. ఇది మామూలు స్థితికి రావడానికి గంటలు పడుతుంది. నీళ్లు వేడిగా ఉంటే ఆ గంటలు చేప దగ్గర ఉండవు.

ఏ ఎరకు పడిందన్నదే అన్నిటికన్నా పెద్ద తేడా తెస్తుంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి 1992లో ఒక లెక్క కట్టారు. వానపాము వంటి సహజమైన ఎరతో పట్టి వదిలిన ట్రౌట్‌లలో సగటున 31 శాతం చచ్చిపోయాయి. ఈకలతో కట్టిన కృత్రిమ ఈగలతోనో, లోహపు బిళ్లలతోనో పట్టినవాటిలో మరణాలు 5 శాతం లోపే. కారణం మరీ గహనమేం కాదు. తినేదే దొరికితే చేప మింగేస్తుంది, ముల్లు గొంతు దాటి మొప్పల మొదట్లోనో జీర్ణాశయంలోనో దిగుతుంది. ఉత్తుత్తి ఈగను నోట పెట్టగానే ఉమ్మబోతుంది, ముల్లు పెదవికే గుచ్చుకుంటుంది. గొంతులో దిగిన ముల్లును పీకే బదులు దారం తెంపి వదిలితే బతికే అవకాశం బాగా పెరుగుతుందని కూడా పరిశోధనలు చూపాయి. కాబట్టి వానపాములతో పట్టుకుంటూ, పట్టినవన్నీ వదిలేస్తూ పొద్దంతా గడిపే ఉదార హృదయుడు, మూడు చేపలు సంచిలో వేసుకుని తొమ్మిదింటికే ఇల్లు చేరినవాడి కన్నా ఎక్కువ చేపల్ని చంపి ఉండవచ్చు.

గాలిలో ఎంతసేపు ఉంచారన్న దాని మీద మాత్రం శాస్త్రవేత్తల్లోనే వాదం నడుస్తోంది. కెనడాలో 1992లో జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌట్‌లను అలిసిపోయేదాకా తరిమారు. గాలి తగలనివ్వకుండా వదిలినవాటిలో 12 శాతం, 30 సెకన్లు బయట ఉంచినవాటిలో 38 శాతం, నిమిషం ఉంచినవాటిలో 72 శాతం చచ్చిపోయాయి. ఫొటో కోసం చేపను ఎత్తి పట్టుకునేవాళ్లను హెచ్చరించడానికి ఈ అంకెలనే ఏళ్ల తరబడి వల్లించారు. కానీ ఆ చేపల ధమనుల్లో రక్తం తీయడానికి గొట్టాలు అమర్చి ఉన్నాయి, తరిమింది తొట్టెలో. తరువాత ఐడహోలో అసలు వాగుల్లోనే, గాలంతోనే పట్టి, నిమిషం దాకా గాలిలో ఉంచి వదిలితే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాగని చేపను ఎత్తి పట్టుకుని కబుర్లు చెప్పమని కాదు. చల్లటి వాగులో ఆరోగ్యంగా ఉన్న చేప తట్టుకున్నదాన్ని, 21 డిగ్రీల చెరువులో వారం కిందట లారీ దిగిన చేప తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంతకీ పట్టి వదిలేయాలన్న పద్ధతి ఎక్కడ పుట్టింది? దానికి పెద్ద ప్రచారకుడు లీ వుల్ఫ్ అనే అమెరికన్. మంచి ఆటచేపను ఒకే ఒక్కసారి పట్టుకుని సరిపెట్టుకోకూడదని ఆయన 1939లోనే రాశాడు. ఆయన మనసులో ఉన్నవి వాగుల్లో తమంతట తాము పుట్టి పెరిగే చేపలు. అక్కడ ఆ మాట ఎంత నిజమో ఎల్లోస్టోన్ నది చూపింది. అందులో వదిలేయడం తప్పనిసరి చేసిన ఒక భాగంలో, 1981 సీజన్‌లో ఒక్కో కట్‌త్రోట్ ట్రౌట్ సగటున 9.7 సార్లు గాలానికి పడిందని లెక్కతేలింది. అన్నిసార్లు పడినా, ఆ కారణంగా సీజన్ మొత్తంలో చచ్చినవి దాదాపు 3 శాతమే. ముల్లు గుచ్చుకున్న చేప తెలివి మీరుతుందని అంటారు గానీ ఈ చేపలు ఆ మాటను పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

మాంటానా రాష్ట్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. మాడిసన్ నదిలో, ఓడెల్ వాగులో డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త చేపల్ని లెక్కపెడుతూ పోగా, హేచరీ ట్రౌట్‌లను వదలడం ఆపిన చోట అడవి ట్రౌట్‌లు పెరిగాయి, కొత్తగా వదిలిన చోట తగ్గాయి. లారీలో వచ్చిన గుంపు, జాగాల కోసం స్థిరపడ్డ చేపల్ని కదిలించి వాటి బతుకు చెడగొట్టి, ఆ తరువాత తానూ బతకలేదు. హేచరీ ఉద్యోగులూ చేపల వేటగాళ్లూ గోలపెట్టినా, అడవి ట్రౌట్ ఉన్న వాగుల్లో హేచరీ చేపల్ని వదలడానికి 1974లో స్వస్తి చెప్పారు. నేడు ప్రపంచం నలుమూలల నుంచి ట్రౌట్ కోసం జనం వెళ్లేది ఆ మాంటానా నదులకే.

అక్కడ పుట్టిన మర్యాదను ఊరి చెరువుకు తెచ్చి అతికిస్తే అది సరిగా అమరదు. కాపాడుకోవాల్సిన అడవి జాతి ఈ చెరువులో లేదు, పుట్టబోయే పిల్లలు లేరు, చాలాచోట్ల వచ్చే ఏడాది అన్నదే లేదు. ఉన్నది పంపకం. ఏప్రిల్‌లో నీళ్లు చల్లగా ఉన్నప్పుడు, ముల్లు పెదవికే తగిలినప్పుడు వదిలేసిన చేప రేపు సాయంత్రం బడి వదిలాక వచ్చే ఓ పిల్లవాడికి తొలి చేప కావచ్చు. ఈ వాదానికి నేను విలువిస్తాను. చెరువులో మనిషికి రోజుకు మూడు ట్రౌట్‌లే అన్న నిబంధన కూడా ఈ పంపకం కోసమే పెట్టింది. మే నెల దాటి, నీళ్లు 20 డిగ్రీలకు చేరాక ఈ వాదం బలహీనపడుతుంది. బకెట్టులో గంటసేపు ఉంచి, ఇంకా పెద్దది పడ్డాక మొదటిదాన్ని ‘వదిలేయడం’ మాత్రం ఏ నెలలోనూ వదిలేయడం కిందకు రాదు.

స్విట్జర్లాండ్‌లో అయితే తగవే లేదు. వదిలేయాలనే ఉద్దేశంతో చేపకు గాలం వేయడం అక్కడ చట్టవిరుద్ధం. తినడానికి కాకుండా సరదాకు ఒక ప్రాణిని నొప్పించడం తగదని వాళ్ల వాదన. ట్రౌట్ మూతి చుట్టూ నొప్పిని పసిగట్టే నాడీకొసలు ఉన్నాయని లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో చూపించింది. ఆ సంకేతాన్ని చేప మనలాగా బాధగా అనుభవిస్తుందా అన్న చర్చ ఇంకా తెగలేదు.

తినేవాళ్లకు ఒక విచిత్రమైన అనుకూలత ఉంది. బొగ్గు పొగతో గాలిలోకి చేరిన పాదరసం వానతో చెరువుల్లో దిగుతుంది. అడుగు బురదలోని బాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. అది పురుగుల నుంచి చిన్నచేపకు, చిన్నచేప నుంచి పెద్దచేపకు చేరుతూ మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. అందుకే మసాచుసెట్స్ ఆరోగ్యశాఖ గర్భిణులనూ పాలిచ్చే తల్లులనూ 12 ఏళ్ల లోపు పిల్లలనూ రాష్ట్రంలోని మంచినీటి చేపలు తినవద్దంటూ వచ్చింది. హేచరీ నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్‌కు మాత్రం ఆ హెచ్చరికలో మినహాయింపు. గుళికలు తిని పెరిగి నిన్నగాక మొన్న చెరువులో దిగిన చేప ఒంట్లో పాదరసం చేరే వ్యవధి ఏది? అదే చెరువులో పదేళ్లుగా ఉన్న బాస్ చేపను వదిలేసి, పోయిన వారం వచ్చిన ట్రౌట్‌ను తినడం ఆరోగ్యానికీ మంచిదే, చెరువుకూ మంచిదే. ఈ మాట బోస్టన్ చుట్టుపక్కల ఊళ్లలో కాపురాలున్న మన తెలుగువాళ్లకు మరీ పనికొస్తుంది. లైసెన్సు తీసుకుని, ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూసుకుని, పట్టిన వెంటనే తలమీద ఒక్క గట్టి దెబ్బతో చంపి, పొట్ట శుభ్రం చేసి ఐసులో పెట్టుకుంటే చాలు. పొలుసులు మరీ సన్నం కాబట్టి గీకే శ్రమ ఉండదు. చింతపండు పులుసులో ఎక్కువసేపు ఉడికిస్తే కండ విడిపోతుంది, వేపుడుకైతే బాగా ఒదుగుతుంది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో లారీలు మళ్లీ వస్తాయి. ఈసారి చేపలు 60 వేల పైచిలుకు. చెరువులో పొరలు అప్పటికి కలుస్తూ ఉంటాయి, ఎండ తగ్గింది, ముందున్నది చలికాలం. ట్రౌట్‌కు అంతకన్నా ఏం కావాలి? శరత్తులో వదిలిన చేపకు ఎనిమిది నెలల ఆయుష్షు గ్యారంటీగా కాకపోయినా ఆశగా అయినా ఉంటుంది, కాబట్టి ఈ ఊరి చెరువుల్లో వదిలేయడానికి అర్థం ఉన్న కాలం ఇదే. ఒక్క మెలిక ఉంది. జనవరిలో గడ్డకట్టిన చెరువుకు రంధ్రం చేసి గాలం వేసేవాళ్లు చేపను పైకి లాగి మంచు మీద పడుకోబెడతారు. సున్నాకు పది పదిహేను డిగ్రీల దిగువన ఉన్న గాలికి తడి మొప్పలు, కళ్లు క్షణాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ తరువాత దాన్ని రంధ్రంలోకి జారవిడిచినా అది వదిలేసినట్టు లెక్క కాదు. తినేదా, వదిలేదా అన్నది చేప ఇంకా నీళ్లలో ఉండగానే అనుకోవాలి. వదిలేదైతే ముల్లును నీళ్ల అంచునే తీసేయాలి.